రెల్లుకి వేసిన జడ

బుచ్చయ్యపేట జంక్షన్లో సత్యారావుని ఈమధ్య అందరూ ‘ఫారిన్’ అని పిలుస్తున్నారు. పాస్‌పోర్టు లేకుండా, విమానం ఎక్కకుండా, ఓటరు కార్డు చొక్కా జేబులో పెట్టుకుని విదేశం వెళ్ళొచ్చిన మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు మరి. వెళ్ళింది నేపాలు. మొత్తం పదహారు రోజుల యాత్ర. అందులో పదిహేను రోజుల సంగతి అడిగితే, బస్సెక్కేం, గుళ్ళు చూసేం, పప్పుచారు తిన్నాం అని ఒక్క గుక్కలో తేల్చేస్తాడు. మిగిలిన ఒక్క పూట గురించి అడిగితే మాత్రం చేతిలో టీ చల్లారిపోయేదాకా చెబుతాడు. ఆ పూట అతను నడిచింది మహా అయితే రెండు మైళ్ళు.

సత్యారావుకి యాభై నాలుగేళ్ళు. మూడో తరగతిలో ఉండగా చెరకు నరుకుళ్ళొచ్చాయి, తండ్రితోపాటు చేలోకి వెళ్ళాడు. నరుకుళ్ళయ్యాక తిరిగి బడికెళ్తే అతని చోట్లో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. లేవమని అడగడానికి మొహమాటపడి వెనక్కొచ్చేశాడు. ఆ మొహమాటం అతన్ని నలభై అయిదేళ్ళు చెరకులోనే ఉంచింది. విత్తనపు గడ ముచ్చెలు నాటాడు, కలుపు తీశాడు, నరికాడు, మోపులు కట్టాడు, లారీలకెత్తాడు. అవన్నీ ఎవరైనా చేస్తారు. అతనికి పేరు తెచ్చింది జడచుట్టు.

గాలివానలు ముదిరే లోపల, ఆషాఢ శ్రావణాల్లో, నిలువెత్తు చెరకు ఒరిగిపోకుండా ఒక దుబ్బు ఆకుని పక్క దుబ్బు ఆకుతో కలిపి జడలా మెలేసుకుంటూ పోవాలి. ఆకు కోయకూడదు, పీకకూడదు. గడకి ఉన్నది ఉన్నట్టే తిప్పాలి. ఎండాకు ఒక్కటే అయితే తెగుతుంది, పచ్చాకు ఒక్కటే అయితే జారుతుంది, రెండూ కలవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అటొకరు ఇటొకరు నిలబడతారు. అటువైపు మనిషి ఆకు పోగుచేసి ఒక పక్కకి తిప్పి అందిస్తే, ఇటువైపు మనిషి తన ఆకుని రెండో పక్కకి తిప్పి అందులో కలుపుతాడు. మధ్యలో చెరకు గోడలా ఉంటుంది, మొహాలు కనపడవు. అందుకని మాట కావాలి. తీసుకునేవాళ్ళు ‘ఇయ్యి’ అంటారు, ఇచ్చేవాళ్ళు ‘పట్టు’ అంటారు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఎండెక్కేదాకా చేలో వినిపించేవి ఆ రెండు మాటలే.

అచ్చియ్యమ్మని సత్యారావు ముందు విన్నాడు, తర్వాత చూశాడు. రావికమతం వైపు నుంచి కూలికొచ్చిన గుంపులో ఉండేది. మొదటి రోజు సాలు సగానికొచ్చేసరికి వెనక వేసిన జడలన్నీ విడిపోతున్నాయి.

“ఎవుడ్రా అటుపక్క?” అంది చెరకులోంచి ఒక గొంతు. “నానెటు తిప్పితే నువ్వూ అటే తిప్పుతన్నావు. ఇద్దరం ఒకే పక్కకి తిప్పితే అది జడేటి? జుట్టు ఇరబోసుకున్నట్టుంది.”

“నేను మొదట్నించీ ఇటే తిప్పుతన్నాను. నువ్వే మారు.”

“నానెందుకు మారతాను. నాను సరిగ్గానే ఉన్నాను.”

సాలు చివరికొచ్చేసరికి అతనే మారాడు. గట్టుమీదకొచ్చి చూస్తే, తలకి తుండుగుడ్డ చుట్టుకుని, మోచేతులదాకా ఆకు కోతలతో, నవ్వు ఆపుకుంటూ ఒక గుంటపిల్ల నిలబడి ఉంది. పెళ్ళయింది, ఆ తర్వాత పాతికేళ్ళు వాళ్ళిద్దరూ ఎదురెదురు సాళ్ళలోనే ఉన్నారు. పోట్లాడుకున్నా అక్కడే, రాజీపడ్డా అక్కడే.

ఇప్పుడా సాళ్ళు తగ్గిపోయాయి. చెరకున్నచోట సరుగుడు వేశారు, నీలగిరి వేశారు, కొన్నిచోట్ల రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. మిగిలిన చెరక్కి జడలు వేయించే ఓపిక చాలామందికి లేదు. సత్యారావు లారీ లోడింగు ముఠాలో చేరాడు. మూడేళ్ళ కిందట లారీకి ఆనించిన చెక్క జారి కుడి మోకాలు మెలితిరిగింది. వాపు తగ్గింది గానీ, దిగుడు మీద ఒక్కొక్కసారి ఆ కాలు తనది కానట్టు వదిలేస్తుంది. ఆ సంగతి అచ్చియ్యమ్మకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ముఠాలో మోకాలు నొప్పన్నవాడికి మర్నాడు ఫోను రాదు. మేస్త్రీ సత్తిబాబు మంచివాడే, వరసకి అల్లుడు కూడాను. అయినా రాదు.

సరిగ్గా అలాంటప్పుడు చోడవరం నుంచి వేంకటరమణమూర్తిగారు కబురు పంపారు. ఆయన కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంటి వెనకాలే అరెకరం చెరకు చేను ఉంది. ఆ చేనికి జడలు వేసింది ఎప్పుడూ సత్యారావు, అచ్చియ్యమ్మలే. మూర్తిగారూ భార్య వరహాలక్ష్మిగారూ ముక్తినాథ్ యాత్రకి బయల్దేరుతున్నారు. ఆవిడకి అరవై ఏడేళ్ళు, మోకాళ్ళు అరిగాయి. తోడుగా బలమైన మనిషి ఉంటే తప్ప పంపనని, విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేసే కూతురు శ్రీసుధ పట్టుబట్టింది.

“అవసరమైతే అమ్మని వీపుమీద ఎక్కించుకోగలవా సత్యారావూ?” అని అడిగింది శ్రీసుధ.

“సెరకు మోపు కంటే బరువేటమ్మా అమ్మగారు” అన్నాడు సత్యారావు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అచ్చియ్యమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది.

“మోకాలు సంగతి సెప్పేవా?”

“అడగనేదు.”

“ఆళ్ళు అడగనేదా, నువ్వు సెప్పనేదా?”

సత్యారావు చేటలోంచి ఒక రాయి ఏరి పారేశాడు. బలమైన మనిషి అనుకోగానే వాళ్ళకి తను గుర్తొచ్చాడు. ఆ మాట పోగొట్టుకోబుద్ధి కాలేదు, అంతే.

“ఆవిడ్ని ఎక్కడైనా పడేసేవనుకో,” అంది అచ్చియ్యమ్మ, “ఆ నేపాల్లోనే ఉండిపో. ఇంటికి రాకు.”

నేపాల్లో పోఖరా అనే ఊరు దాటిన రెండో రోజు పొద్దున్న కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. యాత్ర నడిపే బాలు అనకాపల్లి మనిషి. ముందుకెళ్ళి చూసొచ్చి, బస్సు ఇక కదలదని చెప్పాడు. అవతలివైపు జీపులున్నాయట. మధ్యలో అడవిలోంచి కొండెక్కి దిగాలి.

“గంట నడకండి. కంచరగాడిదలు రోజూ పోయే దారే” అన్నాడు బాలు.

“వాటికి నాలుగు కాళ్ళు కదుటోయ్” అన్నారు వరహాలక్ష్మిగారు.

వెదురుబుట్టలో మనిషిని కూర్చోబెట్టుకుని వీపున మోసే ఊరివాళ్ళు ఇద్దరే దొరికారు. ఆ బుట్టల్లో అప్పటికే బస్సులో అందరికంటే భారీమనుషులు ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. “మనకి సత్యారావున్నాడుగా” అన్నారు మూర్తిగారు. రోజూ పొద్దున్నే అయిదు మైళ్ళు నడిచే మనిషి ఆయన. “మీరు ముందు పదండి. వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూస్తూ మీరు పడతారు” అని ఆవిడే ఆయన్ని బాలుతో తోలేశారు.

దారి మొదట్నుంచే నిటారుగా ఉంది. రాత్రంతా వాన పడి బురద నల్లగా జిగురుగా తయారైంది. గాడిదల గిట్టలు పడ్డచోటల్లా గుంట, గుంటలో నీళ్ళు. చెట్ల వేళ్ళే మెట్లు. మానులకి పాచి పట్టి, పాచి మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆకులంట జలగలు నిలబడి మనుషుల కోసం తలలు ఊపుతున్నాయి. కింద ఎక్కడో ఏరు హోరుమంటోంది గానీ పొగమంచులో ఏదీ కనపడదు.

ఎక్కుడు పరవాలేదు. సత్యారావు ముందు నడిచి, వేరు మీద కాలు గట్టిగా ఆనించి, చెయ్యి అందించి ఆవిడ్ని పైకి లాగుతున్నాడు. ఆవిడ పది అడుగులకోసారి ఆగుతున్నారు. చుట్టూ తడాకు వాసన, నల్లమన్ను వాసన. శ్రావణంలో తెల్లారగట్ల చేలో అడుగుపెడితే సరిగ్గా ఇదే వాసన వచ్చేది. చద్దన్నం గిన్నె గట్టుమీద పెట్టి, పాత పొడుగుచేతుల చొక్కా వేసుకుని, అచ్చియ్యమ్మ అటువైపు వెళ్ళి గొంతు సవరించుకునేదాకా ఎదురుచూసేవాడు. ఆ ఎదురుచూపు ఎంత బాగుండేదో అప్పుడు తెలియలేదు. దేశం కాని దేశంలో, కొండ నెత్తిన, జలగ పీక్కుంటూ తెలిసింది.

శిఖరం దాటాక అడవి పల్చబడింది. దిగుడు మొదలైంది.

అక్కడ దారంటూ లేదు. వాననీళ్ళు దారిని కోసేసి, కొండవాలున జారుడుబల్లలాంటి బురద వాగుని మిగిల్చాయి. ముందు వెళ్ళినవాళ్ళంతా కూర్చుని జారినట్టున్నారు, ఇంకా నున్నగా చేసి పోయారు. అటూ ఇటూ మనిషెత్తు గడ్డి. కింద ఎంత లోతుందో మంచు చెప్పనివ్వడం లేదు. రెండడుగులు వేసేసరికి సత్యారావు మోకాలు టక్‌మంది.

“నావల్ల కాదు సత్యారావూ” అని వరహాలక్ష్మిగారు ఒక రాయి మీద కూర్చుండిపోయారు. “నా కాళ్ళు ఒణుకుతున్నాయి.”

శ్రీసుధకిచ్చిన మాట గుర్తొచ్చింది. సత్యారావు ఆవిడ ముందు వీపు తిప్పి గొంతుక్కూర్చున్నాడు. “ఎక్కండమ్మా.”

“వద్దయ్యా.”

“ఎక్కండి. సెరకు మోపులు మోసినోణ్ణి.”

ఆవిడ మొహమాటపడుతూనే భుజాల మీద చేతులు వేశారు. సత్యారావు పళ్ళు బిగించి లేచాడు. సగం లేచాడు. కుడికాలు వదిలేసింది. పడేదేదో వెనక్కే పడాలని బలవంతాన వెనక్కి ఒరిగాడు. ఇద్దరూ చతికిలపడ్డారు. ఒక గులకరాయి దొర్లుకుంటూ మంచులోకి పోయింది. అది ఆగిన చప్పుడు రాలేదు.

సత్యారావు బురద చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. ముందుకి పడి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలుసు. ఇంక దాచడానికి లేదు.

“నేను మొయ్యలేనమ్మా,” అన్నాడు. “మూడేళ్ళయింది ఈ మోకాలు పోయి. మీకు సెప్పకుండా వచ్చేసేను. తప్పు నాదే.”

“తెలుసు” అన్నారావిడ, చీరకుచ్చిళ్ళ బురద పిండుకుంటూ. “గోరఖ్‌పూర్‌లో బస్సు దిగుతున్నప్పుడే చూసేను. మెట్టుకోసారి కుడికాలే ముందు పెడతావు. నేనూ అంతేగా. ఆ నొప్పి నాకు తెలీదా?”

“మరి ఎందుకు ఊరుకున్నారమ్మా?”

“నువ్వు దాచుకున్నావు కదా, నేనెందుకు తియ్యడం అనుకున్నాను. సరేగానీ, ఇక్కడే కాపురం పెడతామా ఏవిటి?”

లేవడానికని సత్యారావు పక్కనున్న గడ్డిని గుప్పిట పట్టుకున్నాడు. అరచెయ్యి చురుక్కుమంది. సన్నగా కోసుకుంది. చెరకు ఆకు కోతకీ దీనికీ తేడా లేదు. గుప్పిట విప్పి చూశాడు. మన ఏటిగట్ల మీద రెల్లులాంటిదే, ఇంకా బలిసింది. దుబ్బు దుబ్బుగా, మధ్యలో పచ్చాకు, అడుగున ఎండాకు, బురదవాగు పక్కనే వరసగా కిందికి సాగి ఉంది. గట్టిగా లాగాడు. దుబ్బు కదల్లేదు. వేళ్ళు కొండని పట్టుకుని ఉన్నాయి.

అతని చేతులు అతన్ని అడక్కుండానే ఆ గుప్పెడు ఆకుని మెలేశాయి. వరహాలక్ష్మిగారు ఆ మెలిక వంకే చూస్తున్నారు.

ఒక దుబ్బుకీ కింది దుబ్బుకీ జడ వేస్తే, దానికీ ఆ కిందిదానికీ వేస్తే, కిందిదాకా చేతికి ఆసరా. ఆకు కోయక్కర్లేదు, పీకక్కర్లేదు. కాకపోతే ఒక్కడివల్ల కాదు. పైనుంచి ఎవరో అందించాలి. సత్యారావు కూర్చునే జారి కింది దుబ్బు దగ్గరికి చేరాడు. మంచు అడ్డం పడి ఆవిడ కనపడటం మానేశారు. ఎలా చెప్పాలో తెలియక, నోటికొచ్చిందే అన్నాడు.

“ఇయ్యి.”

పైన ఆవిడ కదిలిన అలికిడైంది. తర్వాత గడ్డి గలగలమంది. పైనుంచి మెలేసిన ఆకు మంచులోంచి దిగివచ్చింది. దాని వెనకే గొంతు.

“పట్టు.”

సత్యారావు చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఆవిడకెలా తెలుసో అడగాలనుకున్నాడు గానీ ఆకు చేతికొచ్చాక ఆపకూడదు. తన ఆకు కలిపి తిప్పాడు, ముడేశాడు, బరువేసి చూశాడు. ఆగింది. ఆవిడ ఆ జడ పట్టుకుని, కూర్చునే జారుతూ కింది దుబ్బుకొచ్చారు. అతను ఇంకో దుబ్బు కిందికి దిగాడు. ఇయ్యి. పట్టు. మళ్ళీ ఇయ్యి. మళ్ళీ పట్టు.

అయిదో జడ బరువు వెయ్యగానే బుస్సున విడిపోయింది.

“ఒసే, ఎటు తిప్పుతన్నావే?” అన్నాడు సత్యారావు, పనిలో పడి. “ఒకే పక్కకి తిప్పితే అది జడేటే, జుట్టు ఇరబోసుకున్నట్టుంది.”

అన్న మరుక్షణం చెవులు వేడెక్కాయి. “అమ్మా, తప్పయిపోయింది. నోరు జారేను.”

పైనుంచి నవ్వు వినిపించింది. ఆగి ఆగి నవ్వుతున్నారావిడ. “ఈ మాట మీ ఆవిడది కదూ? పదేళ్ళు విన్నాను. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక అరుగుమీద కూర్చుంటే ఇదే కదా. ఇయ్యి, పట్టు. మధ్యలో అచ్చియ్యమ్మ తిట్లు. చెరకులో ఒక్క మొహం కనపడేది కాదు. రేడియో కట్టేసేదాన్ని మీకోసం.” మళ్ళీ గడ్డి గలగలమంది. “ఏ పక్కకి తిప్పమంటావు?”

“మీరు కుడిపక్కకి తిప్పండమ్మా. నేను మారతాను.”

సగం దిగాక వెనక నుంచి ఊరి మనిషి ఒకావిడ వచ్చింది. నుదుటికి పట్టీ తగిలించి, వీపున కట్టెల బుట్ట. జడ దగ్గర ఆగి, దాన్ని చేత్తో ఊపి చూసింది. మెలికని వేలితో తడిమింది. ఏదో అంది. వీళ్ళకి అర్థం కాలేదు. ఆమె దాన్నే పట్టుకుని చకచకా దిగిపోతూ, దాటేటప్పుడు సత్యారావు చేతుల వంక ఒకసారి చూసి తల ఊపింది. పనివాళ్ళు పనివాళ్ళని చూసే చూపు అది. చాలాకాలమైంది ఎవరూ అలా చూసి.

గంట నడక వాళ్ళకి మూడు గంటలైంది. కింద మూర్తిగారు గొడుగు మూసి తెరిచి, మూసి తెరిచి నిలబడి ఉన్నారు.

“ఏటి బాబాయ్, అమ్మగార్ని ఎత్తుకొచ్చేసేవా?” అన్నాడు బాలు.

సత్యారావు నోరు తెరిచేలోపల వరహాలక్ష్మిగారు “ముందు ఆ జీపు తలుపు తియ్యవోయ్” అని ఎక్కి కూర్చున్నారు. సాయంత్రం బసలో మోకాలికి రాసుకునే మందు డబ్బా అతని చేతిలో పెట్టి, సగం వాడి ఇమ్మన్నారు.

బాలు ఊరుకునే మనిషి కాదు. సత్యారావు బుచ్చయ్యపేటలో బస్సు దిగేసరికి కథ అతనికంటే ముందు చేరిపోయింది. జంక్షన్లో టీకొట్టు దగ్గర సత్తిబాబు ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“ఏటి మావా, అమ్మగార్ని వీపునేసుకుని కొండ దాటించేసేవంట. యాభైనాలుగేళ్ళోడివేటి నువ్వు? రేపట్నించి ఎరువుల లోడింగు ఉంది. సెక్క మీద నువ్వే ఉండాల.”

చుట్టూ నలుగురు నవ్వుమొహాలతో చూస్తున్నారు. ఊ అంటే చాలు. సత్యారావు టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. ఆ దిగుడు మీద తన వీపున ఉన్న మనిషి బరువు ఇంకా గుర్తుంది. రేపు చెక్క మీద తన వెనక మూట ఎత్తుకుని ఇంకొకడు ఉంటాడు.

“ఎత్తుకోనేదురా. లేవబోతే పడ్డాం. నా కుడిమోకాలు పోయి మూడేళ్ళయింది. సెక్కెక్కించకు నన్ను.”

సత్తిబాబు చెయ్యి తీశాడు. “ముందే సెప్పొద్దా మావా” అన్నాడు నెమ్మదిగా. టీ తనే ఇప్పించాడు. మర్నాడు ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాలుగోరోజు చోడవరం నుంచి ఫోనొచ్చింది. వరహాలక్ష్మిగారు. “చేను ఒరిగిపోతోందయ్యా. ఈయన వచ్చే ఏడు సరుగుడు వేస్తానంటే నేనొప్పుకోలేదు. అచ్చియ్యమ్మని కూడా తీసుకురా. జడలకి చుట్టుపక్కల రైతులు ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, చూసుకుందువుగాని.”

శ్రావణం మొదటి వారం. తెల్లారగట్ల సన్నగా చినుకు పడుతోంది. చద్దన్నం గిన్నె గట్టుమీద పెట్టి, సత్యారావు పొడుగుచేతుల చొక్కా గుండీలు పెట్టుకుని సాల్లోకి దిగాడు. చెరకు అవతల అచ్చియ్యమ్మ గొంతు సవరించుకుంది. ఇంటివెనక అరుగుమీద కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఇయ్యి” అన్నాడు.

ఆకు రాలేదు.

“అమ్మగార్ని ‘ఒసే’ అన్నావంట?” అంది చెరకులోంచి గొంతు.

“ఎవులు సెప్పేరు?”

“ఆవిడే. ఇందాక కాఫీ ఇస్తా సెప్పేరు. బుద్దుందేటి నీకు? ఆవిడ్ని పట్టుకుని ఒసే అంటావా?”

“మంచులో కనపడనేదు” అన్నాడు సత్యారావు. ఆకు కోసం చెయ్యి చాపి, “నువ్వనుకున్నాను” అన్నాడు.

తడిసిన ఆకు మీంచి చినుకులు రాలాయి. తర్వాత చెరకు కదిలింది, దుబ్బు మీంచి మెలేసిన ఆకు అతని చేతికి వచ్చింది.

“పట్టు” అంది అచ్చియ్యమ్మ.